పిడికెడు గింజల కృతజ్ఞత: దోర్నకల్ బిషప్పు అజరయ్యగారి జీవితము

ధ్యాన భాగములు: లూకా 17:11-19, 1 థెస్సలొనీకయులకు 5:18



పదిమంది కుష్ఠరోగులు బాగుపడిరి గాని, వెనుకకు వచ్చి ప్రభువు పాదములయొద్ద సాగిలపడినవాడు ఒక్కడే. మేలు పదిమందియు పొందిరి. దానిని తలంచుకొని తిరిగి నడచినవాడు ఒక్కడు. కృతజ్ఞత నోటిమాటతో తీరునది కాదని మన తెలుగు పల్లెలకు నేర్పిన ఒక దైవజనుని జీవితమును ఈ నెల ధ్యానింతము.

వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి సీమలోని వెళ్లాళన్‌విళై అను పల్లెలో జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయకముగారు పల్లెటూరి గురువు. తలిదండ్రులు హన్నావలె ఏండ్ల తరబడి ప్రార్థించి కనిన కుమారుడు గనుక ఆయనకు శామ్యూలను పేరు కలిగెను. మద్రాసులో చదువుకొని, 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శి అయిరి.

1902లో ఆయన సింహళములోని యాఫ్నాకు వెళ్లిరి. అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో సువార్తికులను పంపుచుండిరి. పరదేశస్థుల కానుకలవలన సువార్త పొందిన మన సంఘములు ఎవరికి ఏమి ఇచ్చినవి? ఈ ప్రశ్నకు జవాబుగా 1903లో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టెను. నైజాము రాజ్యములోని దోర్నకల్ దాని పొలమాయెను. 1909లో అజరయ్యగారు తామే గురువుగా అభిషేకము పొంది, దోర్నకల్ చేరి, ముప్పదియైదేండ్ల వయస్సులో మన తెలుగు నేర్చుకొనిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా ప్రతిష్ఠింపబడిరి. ఆంగ్లికను సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. తరువాతి కాలమున మన నంద్యాల, ముత్యాలపాడు సంఘములును ఆయన కాపుదలలో నుండెను.

ఆయన మందలో అనేకులు మాల, మాదిగ పల్లెల కూలివారు. భూమి లేదు, అప్పు మాత్రమున్నది. ఇట్టివారు పుచ్చుకొనవలసినవారే గాని ఇయ్యగలవారు కారని చాలమంది తలంచిరి. అజరయ్యగారు అట్లు తలంపలేదు. ఎన్నడును ఇయ్యని విశ్వాసి ఎదుగడని ఆయన బోధించిరి. ఎద్దుల బండిమీద పల్లె పల్లెకు తిరిగి, మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు శత్రువులతో పోరాడుడని హెచ్చరించిరి. కల్లు దుకాణమునకు పోవు కూలి డబ్బు ఇంట నిలిచినప్పుడే బిడ్డలకు అన్నము, దేవునికి కానుక మిగులును గదా.

ఆ సంఘములలో తల్లులు వంటకు గింజలు తీయునప్పుడు ఒక పిడికెడు దేవుని పేరట వేరుగా ఉంచుచుండిరి. కోతపండుగకు ధాన్యము, కోళ్లు, కూరగాయలు తెచ్చి బల్లయొద్ద సమర్పించుచుండిరి. పండుగ కానుక ఏడాదికొకమారు. పిడికెడు గింజలైతే దినదినము. కుండలో చెయ్యి పెట్టిన ప్రతిసారి ఈ అన్నము ఎవరిచ్చినదో ఆ తల్లి తలంచుకొనును. గుణము ఎదుగుట ఈలాగుననే. ఒక్కనాటి ఉజ్జీవకూటముతో అది ముగియదు.

మన ద్రోణాచలము ప్రాంతమున వాన తప్పినయేడు వేరుశనగ ఊడలోనే ఎండిపోవును, బోర్లు ఒట్టిపోవును, కుటుంబములు మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోవును. అట్టి ఏడాది కోతపండుగ ఏల అని పెద్దలు మమ్మును అడుగుచుందురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కానుక పన్ను కాదు. ఆకలిగొన్న యింటినుండి బలవంతముగా తీసికొనుట దేవునికి ఇష్టము కాదు. అయినను ఆ యింటివారిని మీవలన ఏమియు కాదని ప్రక్కన కూర్చుండబెట్టుటయు తప్పే. గింజలు లేనివారు గుడి ఊడ్తురు గాక. మంచముపట్టిన పొరుగువానికి బిందెడు నీళ్లు తెత్తురు గాక. గింజలున్నవారి పిడికెడు మొదట పొయ్యి వెలుగని యింటికి చేరును గాక. అప్పుడు కరువు ఏటను మనకు కోతపండుగ ఉండును.

1939 జనవరి 6న దోర్నకల్‌లో ఎపిఫనీ దేవాలయము ప్రతిష్ఠింపబడెను. 1945 జనవరి 1న, నూతన సంవత్సర దినమున, అజరయ్యగారు దోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించిరి. ఆ రాతి గుడి చూడ ముచ్చటగా నున్నది. అయితే ఆయన నేర్పిన పాఠమునకు రాయి, సున్నము అక్కరలేదు. తల్లులారా, ఈ వారమే మీ పొయ్యి ప్రక్కన ఒక చిన్న ముంత పెట్టుడి. జొన్నలైనను, కొర్రలైనను, బియ్యమైనను, పిడికెడు వేయునప్పుడు ఆ దినపు మేలు ఒకటి బిడ్డలు వినునట్లు చెప్పి స్తుతించుడి.

దేవుడు మన చేతులకు కృతజ్ఞత నేర్పును గాక. ఆమేన్.