తలవైపు నిలబడ్డ డాక్టరమ్మ

మీకు గానీ, మీ ఇంట్లో వాళ్లకు గానీ ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా? కోసిన డాక్టర్ పేరు అడిగితే టక్కున చెబుతారు. మత్తు ఇచ్చిన డాక్టర్ పేరు అడిగితే? వార్డులో నేనిలా అడిగిన ప్రతిసారీ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. నిజానికి మీరు టేబుల్ మీద ఉన్నంతసేపూ మీ ఊపిరిని కనిపెట్టుకుని ఉండేది ఆ డాక్టరే. ప్రపంచంలో ఆ పని చేపట్టిన తొలి మహిళా డాక్టర్‌గా వైద్య చరిత్రకారులు చెప్పే పేరు లండన్‌లోనో న్యూయార్క్‌లోనో లేదు. మన హైదరాబాద్‌లోనే ఉంది. ఆమె రూపాబాయి ఫర్దూన్జీ.

కథ 1885లో మొదలవుతుంది. ఆ ఏడాది ఎడ్వర్డ్ లారీ అనే బ్రిటిష్ సర్జన్ హైదరాబాద్ రెసిడెన్సీకి వచ్చి, నిజాం మెడికల్ స్కూల్ బాధ్యత కూడా తీసుకున్నాడు. స్కూల్ తలుపులు ఆడపిల్లలకూ తెరిచాడు. చేరింది ఐదుగురే. వాళ్లలో ఒకరు పార్సీ కుటుంబానికి చెందిన రూపాబాయి. మద్రాసు మెడికల్ కాలేజీ అంతకు పదేళ్ల ముందే ఆడవాళ్లను చేర్చుకున్న మాట నిజమే గానీ, అక్కడ మొదట చేరిన నలుగురూ యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల వాళ్లు. ఆడపిల్లలను చదివించడంలో పార్సీలు అప్పటికే ముందున్నారు కాబట్టి రూపాబాయికి ఇంటి గడప అంత ఎత్తుగా ఉండి ఉండకపోవచ్చు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో కూలికి పోయే ఇంటి ఆడపిల్లకు ఆ రోజుల్లో డాక్టర్ చదువు ఊహకు కూడా అందేది కాదు. ఈ తేడా మరచిపోయి ఆమెను పొగడటం నాకిష్టం లేదు. అయితే బడి గడప దాటాక ఆమె ఎంచుకున్న పని మాత్రం తేలికైనది కాదు.

అప్పట్లో మత్తు అంటే క్లోరోఫామ్. 1847లో ఎడిన్‌బరో డాక్టర్ జేమ్స్ సింప్సన్ దాన్ని వాడుకలోకి తెచ్చాడు. మూడు నెలలు తిరక్కుండానే ఇంగ్లండ్‌లో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలి గోరు తీయించుకోవడానికి వెళ్లి, క్లోరోఫామ్ పీల్చిన కొద్ది నిమిషాల్లోనే చనిపోయింది. ఆ తర్వాత కూడా అలాంటి చావులు ఆగలేదు. ఎందుకు చనిపోతున్నారు? ముందు గుండె ఆగుతోందా, ఊపిరి ఆగుతోందా? లండన్ డాక్టర్లు నాడి మీద చెయ్యి తీయొద్దన్నారు. ఎడిన్‌బరోలో చదివిన లారీ మాత్రం నాడిని వదిలేసి ఊపిరిని చూడమన్నాడు.

ఈ తగవు తీర్చడానికి ఖర్చు పెట్టుకుంది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. ఆయన పేరు మీదే 1890లో మన పాలమూరు మహబూబ్‌నగర్ అయింది. 1888లో హైదరాబాద్‌లో మొదటి క్లోరోఫామ్ కమిషన్ జంతువుల మీద ప్రయోగాలు చేసి లారీ మాటే నిజమంది. లండన్‌లోని లాన్సెట్ వైద్య పత్రిక నమ్మలేదు. దాంతో నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చి, లాన్సెట్ ఎంపిక చేసిన లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టర్‌ను 1889లో ఇక్కడికే రప్పించాడు. రెండో కమిషన్ కూడా ఊపిరి వైపే మొగ్గింది. రూపాబాయి చదివింది సరిగ్గా ఈ గొడవ నడుమనే. 1889లో హకీం పట్టా పుచ్చుకుని క్లోరోఫామ్ సీసా చేతిలోకి తీసుకున్నారు.

ఆ పని ఎలా ఉండేదో చెబుతాను. ఇప్పటిలా వేలికి క్లిప్పు లేదు, తెర మీద గీతలు లేవు, ఆక్సిజన్ పైపు లేదు. చేతిలో ఉన్నదల్లా ఒక గరాటులాంటి టోపీ, దాని కొసన కాస్త దూది, ఆ దూది మీద కొలిచి పోసే మందు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి. మెడ దగ్గర, పొట్ట దగ్గర బట్టలు వదులు చేయాలి. ఛాతీ, పొట్ట ఎలా లేస్తున్నాయో రెప్ప వాల్చకుండా చూడాలి. ఊపిరి తడబడితే టోపీ వెంటనే తీసేయాలి, అవసరమైతే దవడను ముందుకు ఎత్తి పట్టాలి. కంటి నల్లగుడ్డును తాకితే రెప్ప కదలలేదంటే చాలినంత మత్తు ఎక్కినట్టు, ఇక ఒక్క చుక్క కూడా ఎక్కువ పోయకూడదు.

ఇప్పుడు పర్దా పాటించే ఇంటి ఆడమనిషిని ఆ టేబుల్ మీద ఊహించుకోండి. ముఖం మీద ముసుగు తీయాలి, బట్టలు వదులు చేయాలి, ఎదను చూస్తూ ఉండాలి. మగ డాక్టర్ అంటే ఆ ఇల్లు ఒప్పుకుంటుందా? ఆపరేషన్ మానేసి చావుకైనా సిద్ధపడే రోజులవి. తలవైపు ఒక ఆడ డాక్టర్ నిలబడటం మర్యాదకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు, ప్రాణానికి సంబంధించిన సంగతి. రెసిడెన్సీ ఆస్పత్రిలో (ఇప్పటి సుల్తాన్ బజార్ ఆస్పత్రి), అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో (తర్వాతి ఉస్మానియా), విక్టోరియా జనానా ఆస్పత్రిలో 1917 వరకు ఆమె మత్తు ఇస్తూనే ఉన్నారు. మొత్తం 28 ఏళ్లు!

ఇలాంటి గడపలు దాటిన వాళ్లు ప్రపంచంలో వేరే చోట్లా ఉన్నారు. అమెరికాలో 1864లో, ఇంకా బానిసత్వం పూర్తిగా పోకముందే, రెబెకా లీ క్రంప్లర్ డాక్టర్ పట్టా పొందారు. ఆ దేశంలో నల్లజాతి మహిళల్లో ఆమే మొదటి డాక్టర్. యుద్ధం అయ్యాక వర్జీనియా వెళ్లి, విడుదలైన బానిసలకు వైద్యం చేశారు. ఆమె రాసిన చీటీకి మందులివ్వడానికి కూడా కొందరు షాపుల వాళ్లు మొరాయించారు. 1883లో తల్లీబిడ్డల ఆరోగ్యం మీద పుస్తకం అచ్చువేశారు. రూపాబాయి దారిలో అంత క్రూరమైన ముళ్లు ఉన్నాయని నేననను. అయినా తమను టేబుల్ దగ్గరికి రానివ్వని వృత్తిలోకి వెళ్లి, దాన్ని చివరికంటా నేర్చుకోవడంలో వీళ్లిద్దరికీ పోలిక ఉంది.

1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి నగరాన్ని ముంచింది. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి కూడా ఆ వరదలో దెబ్బతింది. మరుసటి ఏడాది, అప్పటికే ఇరవై ఏళ్ల అనుభవమున్న రూపాబాయి చదువుకోవడానికి ఓడెక్కి ఎడిన్‌బరో వెళ్లారు. ఆ ప్రయాణంలోనే అనీబిసెంట్ అక్కడి తన పరిచయస్తులకు ఆమె గురించి లేఖ రాసిచ్చారు. అక్కడ ఆమె చదివింది వైద్యం కాదు, భౌతిక, రసాయన శాస్త్రాలు. మత్తుమందుకంటూ ప్రత్యేక డిప్లొమా బ్రిటన్‌లోనే 1935 దాకా లేదు మరి. ఆవిరి ఎలా లేస్తుంది, వాయువు ఒత్తిడి ఎలా మారుతుంది, మందు ఎలా కరుగుతుంది అన్నవి తెలిస్తేనే తన పని బాగుపడుతుందని ఆమె ముందే గ్రహించారు. ఆమె జీవితంలో నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది ఇదే. తిరిగొచ్చి మళ్లీ అదే పనిలో నిలబడ్డారు. 1920లో చాదర్‌ఘాట్ ఆస్పత్రి సూపరింటెండెంట్‌గా రిటైరయ్యారు.

ఇంతకీ ఆ తగవు ఏమైంది? హైదరాబాద్ చెప్పింది సగమే నిజం. 1911లో లీవీ అనే ఇంగ్లిష్ డాక్టర్, క్లోరోఫామ్ చాలీచాలకుండా ఇచ్చినప్పుడు గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోగలదని పిల్లుల మీద చూపించాడు. భయంతో ఒంట్లో ఊరే అడ్రినలిన్ దానికి తోడైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. గోరు తీయించుకోవడానికి వెళ్లిన ఆ అమ్మాయిలాంటి వాళ్ల చావులు దీంతో అర్థమయ్యాయి. క్లోరోఫామ్ తర్వాత మూలన పడింది. ఊపిరి మీద నుంచి కన్ను తీయకూడదన్న అలవాటు మాత్రం ప్రతి ఆపరేషన్ థియేటర్‌లో ఈరోజుకీ ఉంది.

ఆ పని మీ సాయం లేకుండా సాగదు. ముఖ్యంగా మర్రిగూడ, మునుగోడు వైపు పాత బోరునీళ్లు తాగి పెరిగిన వాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. ఫ్లోరైడ్ వల్ల వెన్నుపూసల మధ్య పట్టీలు గట్టిపడి ఎముకలా మారతాయి. నడుముకు ఇచ్చే మత్తు సూది లోపలికి పోదు. పూర్తి మత్తు ఇద్దామంటే మెడ వెనక్కి వంగక గొంతులోకి గొట్టం వేయడం కష్టమవుతుంది. ముందే తెలిస్తే మత్తు డాక్టర్ వేరే దారి సిద్ధం చేసుకుంటారు, అప్పటికప్పుడు టేబుల్ మీద తెలిస్తే అందరికీ ఇబ్బందే. అందుకే ఆపరేషన్‌కు ముందు రోజు వాళ్లు మంచం దగ్గరికొచ్చి నడుము వంచమన్నా, నోరు తెరవమన్నా, కదిలే పళ్లున్నాయా అని అడిగినా విసుక్కోకండి. బీడీ, కల్లు సంగతి దాచొద్దు. వేసుకునే బీపీ, షుగర్, రక్తం పలచబడే మాత్రల పేర్లు తెలియకపోతే ఆ షీట్లే తెచ్చి చూపించండి. ఏమీ తినొద్దన్న రాత్రి చుట్టాలు తెచ్చిన చాయ్, బిస్కెట్ పక్కన పెట్టండి. మత్తులో కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. వెళ్లేముందు ఆ డాక్టర్ పేరు కూడా అడిగి పెట్టుకోండి.