పానుగంటి రామారాయణింగారు

పానగల్ రాజాగా ప్రసిద్ధుడైన సర్ పానుగంటి రామారాయణింగారు (జూలై 9, 1866 - డిసెంబరు 16, 1928) జమీందారు, జస్టిస్ పార్టీ నాయకుడు. 1921 జూలై 11 నుండి 1926 డిసెంబరు 3 వరకు మద్రాసు ప్రెసిడెన్సీకి తొలి మంత్రిగా, అనగా మంత్రివర్గ నాయకుడిగా పనిచేశాడు. ప్రభుత్వోద్యోగాలలో ఏ వర్గంవారు ఎందరున్నారో లెక్కించి, ఆ లెక్కను దృష్టిలో ఉంచుకొని కొత్త నియామకాలు జరపాలన్న విధానం మద్రాసులో ఇతని కాలంలోనే అన్ని శాఖలకూ విస్తరించింది.

జీవితం

రామారాయణింగారు శ్రీకాళహస్తిలో జమీందారీ కుటుంబంలో జన్మించాడు. మద్రాసులో తిరువల్లిక్కేణి ఉన్నత పాఠశాలలోను, ప్రెసిడెన్సీ కళాశాలలోను చదువుకొని ఎం.ఏ. పట్టా పొందాడు. సంస్కృతంలోను, తత్వశాస్త్రంలోను మంచి ప్రవేశం గలవాడు. 1912 నుండి కేంద్ర శాసన మండలిలో జమీందారుల పక్షాన సభ్యుడిగా ఉన్నాడు. 1916లో జస్టిస్ పార్టీ ఏర్పడిన తరువాత దాని ముఖ్య నాయకులలో ఒకడయ్యాడు. 1920 ఎన్నికల తరువాత సుబ్బరాయలు రెడ్డియారు మంత్రివర్గంలో స్థానిక స్వపరిపాలన శాఖను నిర్వహించాడు. రెడ్డియారు అనారోగ్యంతో తప్పుకోగా ఆ స్థానం ఇతనికి లభించింది.

నియామకాల నేపథ్యం

ఆనాటి ప్రభుత్వోద్యోగాలు ప్రధానంగా మూడు అంతస్తులు. పై అంతస్తులోని ఐ.సి.ఎస్. వంటి సర్వీసుల నియామకం లండనులోని భారత వ్యవహారాల మంత్రి చేతిలో ఉండేది. మద్రాసు మంత్రులకు దానిపై అధికారం లేదు. డిప్యూటీ కలెక్టర్ల వంటి ప్రాంతీయ సర్వీసు, గుమాస్తాలు మొదలైనవారి సబార్డినేట్ సర్వీసు మిగిలిన రెండు. వివాదమంతా ఈ రెండింటి గురించే. జస్టిస్ పార్టీ వ్యవస్థాపకులు 1916లో ప్రకటించిన బ్రాహ్మణేతర ప్రణాళిక ప్రకారం 1912లో 140 మంది డిప్యూటీ కలెక్టర్లలో 77 మంది బ్రాహ్మణులు, 30 మంది బ్రాహ్మణేతర హిందువులు. 128 మంది జిల్లా మునసబులలో 93 మంది బ్రాహ్మణులు. జనాభాలో బ్రాహ్మణులు సుమారు నూటికి ముగ్గురు. ఆంగ్ల విద్యలో వారు ముందుండడం ఇందుకు ప్రధాన కారణం. కాని గుమాస్తా కొలువులు చాలావరకు కార్యాలయాధికారి ఇష్టం మీద, అప్పటికే ఉన్న ఉద్యోగుల సిఫారసు మీద నడిచేవన్న సంగతిని కూడా విస్మరించరాదు.

కమ్యూనల్ జి.ఓ.

ఒకే కులంవారు కొలువులన్నీ ఆక్రమించకుండా చూడాలన్న నియమం రెవిన్యూ శాఖలో పందొమ్మిదవ శతాబ్దం మధ్యకాలం నుండే ఉంది. ఆచరణలో దానిని పట్టించుకున్నవారు తక్కువ. 1921 సెప్టెంబరు 16న వెలువడిన 613వ నంబరు ఉత్తర్వు ఆ నియమాన్నే అన్ని శాఖలకూ వర్తింపజేసింది. అంతకంటె ముఖ్యంగా, ప్రతి కార్యాలయాధిపతి ఆరు నెలలకొకసారి తాను చేసిన నియామకాల పట్టికను పంపాలని ఆదేశించింది. బ్రాహ్మణులు, బ్రాహ్మణేతర హిందువులు, భారతీయ క్రైస్తవులు, మహమ్మదీయులు, ఐరోపీయులు - ఆంగ్లో ఇండియన్లు, ఇతరులు అని ఆ పట్టికలో విభాగాలు. 1922లో రెండవ ఉత్తర్వు వచ్చింది. 1924లో దరఖాస్తుల పరిశీలనకు స్టాఫ్ సెలక్షన్ బోర్డు ఏర్పాటైంది. 1929లో శాసనం ద్వారా ఏర్పడిన మద్రాసు సర్వీస్ కమిషన్ రాష్ట్రస్థాయిలో దేశంలోనే మొదటిది.

దేశంలో మొదటి రిజర్వేషన్లు ఇవేనని కొందరు వ్రాస్తుంటారు. అది సరికాదు. కొల్హాపూరు సంస్థానంలో ఛత్రపతి శాహూ మహారాజు 1902లోనే వెనుకబడిన వర్గాలకు సగం ఉద్యోగాలు కేటాయించాడు.

విమర్శలు

ఉత్తర్వు ఆచరణలో నెమ్మదిగా సాగిందని సొంత పార్టీవారే ఆక్షేపించారు. పార్టీని వీడిన కట్టమంచి రామలింగారెడ్డి 1923 నవంబరులో మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం ప్రవేశపెట్టాడు గాని అది వీగిపోయింది. మంత్రులు ముగ్గురూ తెలుగువారేనని తమిళ సభ్యులు అసంతృప్తి చెందడంతో 1923లో కూర్మా వెంకటరెడ్డి నాయుడు స్థానంలో శివజ్ఞానం పిళ్లెను తీసుకున్నారు.

అన్నిటికంటె బలమైన ఆక్షేపణ అణగారిన కులాల నాయకుడు ఎం.సి. రాజాది. పైన చెప్పిన పట్టికలో ఆ కులాలకు ప్రత్యేకమైన విభాగం లేదు. బ్రాహ్మణేతరుల పేరిట వచ్చే కొలువులు భూస్వామ్య కులాలకే దక్కుతున్నాయని భావించిన రాజా 1923లో పార్టీకి దూరమయ్యాడు. ఈ ఆక్షేపణ న్యాయమైనదే. జమీందారుకూ, అతని పొలంలో పనిచేసే కూలీకీ ఒకే విభాగం పెడితే పోటీలో ఎవరు గెలుస్తారో చెప్పనవసరం లేదు.

తరువాతి పరిణామాలు

1926 ఎన్నికలలో జస్టిస్ పార్టీ ఓడిపోయింది. స్పష్టమైన వంతుల విధానం సుబ్బరాయన్ మంత్రివర్గ కాలంలో, 1927 నవంబరు ఉత్తర్వుతో వచ్చింది. ప్రతి 12 ఖాళీలలో బ్రాహ్మణేతర హిందువులకు 5, బ్రాహ్మణులకు 2, మహమ్మదీయులకు 2, ఆంగ్లో ఇండియన్లు - క్రైస్తవులకు 2, అణగారిన కులాలకు 1. దీని అమలులో మంత్రి ఎస్. ముత్తయ్య మొదలియారు పేరు ప్రసిద్ధం. అమలు మొదలైన కొద్దికాలానికే, 1928 డిసెంబరులో రామారాయణింగారు మరణించాడు.

1947లో వంతులను 14కు పెంచి, వెనుకబడిన హిందువులకు తొలిసారిగా 2 స్థానాలు వేరుచేశారు. హరిజనుల వంతు 2 అయింది. రాజ్యాంగం వచ్చాక ఈ విధానం న్యాయస్థానానికి వెళ్లింది. 83 జిల్లా మునసబు కొలువులను హరిజనులకు 19, వెనుకబడిన హిందువులకు 10, బ్రాహ్మణేతరులకు 32, బ్రాహ్మణులకు 11, క్రైస్తవులకు 6, మహమ్మదీయులకు 5గా పంచగా, ఒక బ్రాహ్మణ అభ్యర్థి సుప్రీంకోర్టును ఆశ్రయించాడు. 1951 ఏప్రిల్ 9న ఇచ్చిన తీర్పులో హరిజనులకూ, వెనుకబడిన హిందువులకూ చేసిన కేటాయింపు 16(4) అధికరణం కింద చెల్లుతుందని, మిగిలిన వర్గాలవారీ పంపకం చెల్లదని న్యాయస్థానం నిర్ణయించింది. ఆ విధంగా 1921 నాటి పట్టికలో ప్రత్యేక స్థానం లేని రెండు వర్గాల కేటాయింపులే నిలిచాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నియామకాలలో అనుసరించే 100 స్థానాల రోస్టరు కూడా ఇటువంటి వంతుల పట్టికయే.

హిందూ దేవాదాయ చట్టం (1925), ఆంధ్ర విశ్వవిద్యాలయ స్థాపన (1926) కూడా రామారాయణింగారి పాలనాకాలంలోనివే. చెన్నై త్యాగరాయనగర్‌లో పానగల్ పార్కు ఇతని పేరు మీద ఉంది.