జిమ్ కార్బెట్టు చేతిలోని తేలిక తుపాకి

హిమాలయపు దిగువ శ్రేణులలో కుమావూను అను సీమ కలదు. ఇప్పుడది ఉత్తరాఖండ్ రాష్ట్రములో చేరియున్నది. అచ్చటి నైనీతాల్ పట్టణమున 1875 జూలై 25వ తేదీన ఎడ్వర్డు జేమ్సు కార్బెట్టు జన్మించెను. లోకము అతనిని జిమ్ కార్బెట్టు అను పేరుతోనే ఎరుగును. తండ్రి ఆ ఊరి పోస్టుమాస్టరు. బిడ్డలు పెక్కుమంది. జిమ్ ఆరవయేట తండ్రి గతించెను. సంసారభారము తల్లిపై పడెను.

చలికాలమున ఆ కుటుంబము కొండ దిగి కాలాధుంగీ గ్రామమున నివసించుచుండెడిది. ఇల్లు దాటినచో అడవియే. ఉండేలుతోను, విల్లమ్ములతోను ఆడుకొనిన బాలునకు పిమ్మట మందు కూరెడు పాత తుపాకి యొకటి లభించెను. దాని రెండు గొట్టములలో ఒకటి పగిలియుండెను. మిగిలిన గొట్టముతో ఒక్కమారే కాల్చవలెను. మందుగుండు కొనుటకు డబ్బు స్వల్పము. గురి కుదిరిననాడు కాల్చుట, కుదరనినాడు మానుకొనుట అను నియమమును ఆ పేదరికమే అతనికి నేర్పెను.

యౌవనారంభముననే అతడు బెంగాల్ అండ్ నార్త్‌వెస్టరన్ రైల్వేలో కట్టెల ఇంధనమును సమకూర్చు ఉద్యోగమున చేరెను. తరువాత గంగాతీరమున మొకామా ఘాట్ వద్ద సరకులను ఒక బండి నుండి మరియొక బండికి మార్పించు కాంట్రాక్టు పనిని ఇరువదేండ్లకు పైగా నిర్వహించెను. నరమాంసమునకు మరిగిన పులి యేదైన కుమావూను ప్రజలను పీడించినపుడు వచ్చి వేటాడుచుండెను.

1907వ సంవత్సరమున చంపావత్ ఆడపులిని అతడు చంపెను. నేపాలమునను కుమావూనునను కలిపి అది 436 మందిని పొట్టన పెట్టుకొన్నది. చచ్చిన పులి నోరు తెరచి చూడగా కుడివైపు కోరలు రెండును విరిగియుండెను: పైది సగమునకు, క్రిందిది ఎముక దాక. అది పాత తుపాకి దెబ్బ. కోరలు పోయిన పులికి దుప్పి, కణుజు వంటి సహజాహారము చిక్కదు. ఎవడో యొకడు గురి తప్పి పేల్చిన తూటాకు అన్ని కుటుంబములు మూల్యము చెల్లించెను. కార్బెట్టు జీవితమంతయు ఈ సత్యమును మరువలేదు.

ఆ పులిని చంపినందులకు సంయుక్త పరగణాల లెఫ్టినెంటు గవర్నరు సర్ జాన్ హ్యూయెట్టు అతనికి ఒక తుపాకిని బహూకరించెను. అది లండను నగరమందలి రిగ్బీ సంస్థ మౌజరు పద్ధతిని తయారుచేసిన బోల్టు రైఫిలు; .275 కొలత గలది. అనగా జర్మనులు 1892వ సంవత్సరమున రూపొందించిన 7 మిల్లీమీటర్ల తూటాకే ఆంగ్లేయులు పెట్టిన పేరది.

జింకల వేటకు ఇట్టి తుపాకిని ఏల ఎన్నుకొనెడివారో కొంచెము తెలిసికొనవలెను. కొండలలో వేటగాడు ఉదయము మొదలు సాయంకాలము వరకు నడచును. కాల్చునది ఏ ఒక్క క్షణముననో. పెద్ద మృగములకు వాడు జంటగొట్టముల తుపాకి 10 పౌనుల ప్రాంతమున తూగును. తేలిక బోల్టు తుపాకి 7 పౌనుల ప్రాంతము. అలసిన చేయి వణకును, వణకిన చేతికి గురి కుదరదు. అయితే బరువు తగ్గినకొలది తుపాకి భుజమును గట్టిగా తన్నును. కనుక తేలిక తుపాకికి తూటాయు మితమైనదిగానే ఉండవలెను. 7 మిల్లీమీటర్ల గుండు సుమారు 9 గ్రాములు మాత్రమే. దుప్పికి అది చాలును, భుజమునకు బాధ అల్పము. బోల్టును ముందుకు త్రోసి పిడిని దించినంతనే తూటా గది గట్టిగా బిగిసికొనును. గురి నిలకడగా ఉండును. లోపమొక్కటే: రెండవ తూటాకు పిడిని ఎత్తి, లాగి, త్రోసి, దించవలెను. జంటగొట్టముల తుపాకి ఆ వ్యవధి కోరదు. అందుచేత పులివేటకు కార్బెట్టు తరచుగా .450/400 కొలత గల జంటగొట్టముల తుపాకినే చేపట్టుచుండెను.

1930 ఏప్రిల్ 11వ తేదీన మాత్రము, 64 మందిని చంపిన చౌగఢ్ ఆడపులిని వెదకుచు వాగు వెంట దిగునపుడు, అతని కుడిచేతిలో ఉన్నది తేలిక తుపాకియే. ఎడమచేతిలో దారిలో దొరకిన రెండు పిట్టగ్రుడ్లు. ఒక బండను దాటి తల త్రిప్పి చూడగా, 8 అడుగుల దూరమున పులి కూర్చుండి అతనినే చూచుచుండెను. ఒక్కసారిగా తిరిగినచో అది దుముకును. అతడు ఒంటిచేతితో తుపాకిని అంగుళమంగుళముగా త్రిప్పుచు, ముప్పాతిక చుట్టు త్రిప్పి పేల్చెను. పులి అచ్చటనే ఒరిగెను. బరువైన తుపాకి అయినచో ఒక్క చేయి దానిని అంతసేపు మోయజాలదు. తుపాకి తేలికదగుటయు, ఎడమచేయి గ్రుడ్లతో నిండియుండుటయు తనకు మేలే చేసినవని తరువాత అతడు వ్రాసికొనెను. ఆ గ్రుడ్లను తిరిగి గూటిలో పెట్టి వచ్చెను. తల్లిపిట్ట మరల పొదుగనారంభించెను.

వయసు మీరినకొలది కార్బెట్టు తుపాకి కంటె కెమెరాను ఎక్కువగా పట్టెను. తన చోటీ హల్ద్వానీ గ్రామపు పైరులను అడవిపందుల నుండి, జింకల నుండి కాపాడుటకు ఊరి చుట్టును రాతిగోడ కట్టించెను. 1936వ సంవత్సరమున భారతదేశపు తొలి జాతీయవనము ఆ సీమలో ఏర్పడుటకు అతడును కృషిచేసెను. 1944లో వెలువడిన కుమావూను నరభక్షకుల గ్రంథము అతనికి విశ్వఖ్యాతి తెచ్చెను. 1947లో అక్క మ్యాగీతో కూడ కెన్యాకు తరలిపోయి, 1955 ఏప్రిల్ 19వ తేదీన న్యేరీ పట్టణమున కన్నుమూసెను. తరువాత ఆ జాతీయవనమునకు అతని పేరు పెట్టిరి.

1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముతో మనదేశమున జింకల వేట గతకాలపు మాటయైనది, అది మేలైనది. రిగ్బీ తుపాకి మాత్రము 2016లో ఒకమారు కుమావూను చూచి వెళ్ళినది. దానిని మోసిన మనిషి మనకు విడిచిన పాఠము వేటగాండ్రకే పరిమితము కాదు. చేతిలోని సాధనము శక్తిమంతమైనదా అని మాత్రమే గాక, దానిని తాను నిలకడగా పట్టగలడా, అది గురి తప్పినచో కష్టమెవరి ఇంటికి చేరును అని కూడ ముందుగా ఆలోచింపవలెను. చంపావత్ పులి విరిగిన కోరలలో కార్బెట్టు చూచినది అదియే.