బురదలో కలిపిన జిగురు

శాంతి స్వరూప్ భట్నాగర్ అంటే నాకు మొన్నటిదాకా ఒక జీకే బిట్. సైన్స్‌లో ఇచ్చే అవార్డు, మొదటిసారి ఇచ్చింది 1958లో, ఆప్షన్ బి. అంతే. ఆయన ఒక మనిషనీ, చిన్నప్పుడే నాన్న పోయారనీ, ఉర్దూలో కవిత్వం రాసేవారనీ ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆయన దాకా నేను వెళ్లింది మా అన్నయ్య వల్ల. మా పెద్దనాన్నగారి అబ్బాయి, నానోటెక్నాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. ప్రభుత్వం ఇచ్చే ఫెలోషిప్పు, ప్రభుత్వం కొనిచ్చిన మైక్రోస్కోపు. వెండి నానో కణాలతో తాగునీళ్లు శుభ్రం చేసే ఫిల్టరు తన పని. నాలుగు పేపర్లు వచ్చాయి, ఒక పేటెంటు కూడా ఉంది. దసరాకి ఇంటికొచ్చినప్పుడు చిన్న సీసాలో ఆ ద్రావణం తెచ్చి చూపించాడు. పసుపు కలిపిన నీళ్లలా ఉంది. అందులో మా ఊరి బోరు నీళ్లు కాసిని పోశాడు. పది నిమిషాల్లో బూడిద రంగుకి తిరిగిపోయి అడుగున మడ్డి దిగింది. మా ఊరి నీళ్లు ఉప్పు కషాయం. ల్యాబ్‌లో డిస్టిల్డ్ వాటర్‌లో మాత్రం బ్రహ్మాండంగా ఉంటుందట. మరి ఇది ఎవరికి పనికొస్తుంది అన్నయ్యా అని అడిగేశాను. నవ్వాడు గానీ, ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. అడక్కుండా ఉండాల్సింది.

అదే మనసులో పెట్టుకుని వెతకడం మొదలుపెట్టాను. 2007లో కేంద్ర ప్రభుత్వం నానో మిషన్ అని అయిదేళ్లకి 1000 కోట్ల రూపాయలతో ఒక కార్యక్రమం పెట్టింది. పేపర్ల లెక్కలో మన దేశం ప్రపంచంలో ముందు వరసలోకి వచ్చింది. బజార్లో దొరికే సరుకుల లెక్క అంత గొప్పగా లేదు. ప్రజల డబ్బుతో చేసిన పరిశోధన ఫ్యాక్టరీ దాకా ఎలా నడవాలి? ఈ ప్రశ్న నానో కంటే చాలా పాతది. దీంతోనే సగం జీవితం గడిపిన మనిషిగా భట్నాగర్ అక్కడ తగిలారు.

ఆయన 1894 ఫిబ్రవరి 21న భేరాలో పుట్టారు. ఇప్పుడది పాకిస్తాన్ పంజాబ్‌లో ఉంది. ఎనిమిది నెలల పిల్లాడిగా ఉన్నప్పుడే తండ్రి చనిపోయారు. తల్లి పుట్టింటికి వచ్చేసింది. ఆ ఊరి పేరు సికందరాబాద్, మన సికింద్రాబాద్ కాదు, ఉత్తరప్రదేశ్ బులంద్‌షహర్ దగ్గరిది. తాతగారు ఇంజనీరు. ఇంటినిండా పనిముట్లు, కొలతలు, డ్రాయింగులు. పిల్లాడు బ్యాటరీలు చేసేవాడు, దారం కట్టి టెలిఫోన్లు చేసేవాడు. అమ్మ వైపు వాళ్లలో కవులు కూడా ఉన్నారు, ఆ గాలి కూడా తగిలింది. లాహోర్‌లో దయాళ్ సింగ్ కాలేజీలో చేరాక ఉర్దూలో ఒక నాటిక రాసి 1912లో బహుమతి గెలిచారు. సైన్సా, సాహిత్యమా అని మనం మన క్లబ్బులో కొట్టుకుంటాం కదా, ఆయనకి ఆ గొడవే లేదు.

1919లో ఎమ్మెస్సీ అయ్యాక ట్రస్టు స్కాలర్‌షిప్పుతో అమెరికా బయల్దేరారు. లండన్ దాకా వెళ్లారు. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడే అయిపోయింది, ఇళ్లకి తిరిగెళ్తున్న అమెరికన్ సైనికులతో ఓడలన్నీ నిండిపోయాయి. ఆయనకి చోటు దొరకలేదు. అందుకని లండన్‌లోనే యూనివర్సిటీ కాలేజీలో ఎఫ్.జి. డానన్ అనే ప్రొఫెసర్ దగ్గర చేరారు. డానన్ కొల్లాయిడ్లు చదివిన మనిషి. ఓడలో ఒక్క బెర్తు దొరికుంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

కొల్లాయిడ్ అంటే ఇంటర్‌లో రెండు మార్కుల ప్రశ్న. పాలు, సిరా, బురద, పొగ. నీళ్లలో కరగవు, అలాగని మునగవు, అంత సన్నటి కణాలు. ఎంత సన్నం అంటే, నానోమీటర్లలో కొలవాలి. ఆ రోజుల్లో ఆ మాటకి ఇప్పుడున్న మోజు లేదు గానీ, వాళ్లు చేసిన పని అదే.

1921లో డీఎస్సీతో తిరిగొచ్చి బెనారస్ హిందూ యూనివర్సిటీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్ అయ్యారు. ఉన్నది మూడేళ్లే, కానీ ఆ యూనివర్సిటీ గీతం రాసింది ఈ కెమిస్ట్రీ సారే. ఇప్పటికీ అక్కడ పాడుతున్నారు. (మన కాలేజీకి పాట రాయమంటే మా సీఎస్ఈలో ఎవరు ముందుకొస్తారో చూడాలని ఉంది.) 1924లో లాహోర్ వెళ్లి అక్కడ పదహారేళ్లు పనిచేశారు. అయస్కాంత రసాయనశాస్త్రంలో పేరొచ్చింది అక్కడే. 1928లో కె.ఎన్. మాథుర్‌తో కలిసి పదార్థాల అయస్కాంత గుణాన్ని కొలిచే ఒక సున్నితమైన త్రాసు తయారుచేశారు. దాన్ని లండన్‌లో ఆడమ్ హిల్గర్ కంపెనీ తయారుచేసి అమ్మింది. లాహోర్ ల్యాబ్‌లో పుట్టిన వస్తువు లండన్ కేటలాగులోకి ఎక్కింది.

నన్ను పట్టి కూర్చోబెట్టింది మాత్రం బురద కథ.

రావల్పిండి దగ్గర అటాక్ ఆయిల్ కంపెనీ బావులు తవ్వుతోంది. నూనె బావి తవ్వేటప్పుడు డ్రిల్లు గొట్టంలోంచి పల్చటి బంకమట్టి బురద లోపలికి పంపుతారు. అది డ్రిల్లు మొనని చల్లబరుస్తుంది, కోసిన రాతి ముక్కల్ని పైకి మోసుకొస్తుంది, బావి గోడలు కూలకుండా ఆపుతుంది. ఆ బావుల్లో లోతుకి వెళ్లేసరికి ఉప్పునీళ్లు తగిలేవి. తగలగానే బురద గట్టిపడిపోయేది. డ్రిల్లు ఇరుక్కుపోయేది, పని ఆగిపోయేది. ఇంజనీర్లు చేయగలిగినవన్నీ చేశారు, కుదరలేదు. చివరికి లాహోర్‌లో ప్రొఫెసర్ దగ్గరికొచ్చారు.

భట్నాగర్ దాన్ని మెషీన్ సమస్యగా చూడలేదు, కొల్లాయిడ్ సమస్యగా చూశారు. బంకమట్టి కణాలు పల్చటి రేకుల్లా ఉంటాయి. నీళ్లలో వాటికి రుణ విద్యుదావేశం ఉంటుంది, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా తేలతాయి. ఉప్పు కలిస్తే ఆ నెట్టుడు తగ్గిపోతుంది, రేకులు అంటుకుని ముద్దయిపోతాయి. పాలల్లో నిమ్మకాయ పిండితే విరిగిపోతాయి చూడండి, దాదాపు అలాగే. ఆయన ఆ బురదలో మన దేశపు చెట్ల జిగురు కలిపించారు. జిగురు కణాల చుట్టూ పొరలా పట్టుకుని వాటిని దూరంగా ఉంచింది. బురద పల్చగా పారింది, ఉప్పు తగిలినా విరగలేదు. చాలా పాత విద్యే ఇది. దీపపు మసితో సిరా చేసేవాళ్లు అందులో తుమ్మజిగురు కలిపేది మసి అడుక్కి దిగకుండా ఉండటానికే. ఇవాళ నానో ల్యాబుల్లో కణాలు అంటుకోకుండా పైన పూసే పూతకి క్యాపింగ్ ఏజెంట్ అని పెద్ద పేరు పెట్టారు.

కంపెనీ వెనకున్న లండన్ సంస్థ స్టీల్ బ్రదర్స్ సంతోషపడి పెట్రోలియం పరిశోధనల కోసం ఆయనకి లక్షా యాభై వేలు ఇస్తామంది. ఆ రోజుల్లో లక్షా యాభై వేలు! కొన్నేళ్ల తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం దేశం మొత్తం పరిశోధనలకని పెట్టిన బోర్డు వార్షిక బడ్జెట్టే అయిదు లక్షలు. ఆ డబ్బు తన చేతికి వద్దన్నారు భట్నాగర్. యూనివర్సిటీ ద్వారా ఇప్పించి దాంతో పెట్రోలియం పరిశోధన విభాగం పెట్టారు. మైనానికి వాసన పోగొట్టడం, కిరోసిన్ దీపం మంట ఎత్తు పెంచడం, నూనె మిల్లుల్లో పారేసేవాటిని వాడుకోవడం, ఇవీ అక్కడి పనులు. కంపెనీ తర్వాత డబ్బు పెంచింది, అయిదేళ్ల గడువుని పదేళ్లు చేసింది. అంతకు ముందే గంగారామ్ గారి కోసం చెరకు పిప్పితో పశువుల దాణా చేసే పని కూడా చేశారు. ఆయన స్టూడెంట్లకి థీసిస్ టాపిక్కు బజారు నుంచే వచ్చేదన్నమాట. మాకు టాపిక్కులు సీనియర్ల డ్రైవ్ ఫోల్డర్ నుంచి వస్తాయి.

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక ప్రభుత్వానికి సైన్స్ గుర్తొచ్చింది. బయటి నుంచి సరుకు రావడం కష్టమైంది, ఇక్కడే చేసుకోవాలి. అప్పటి వైస్రాయ్ కౌన్సిల్‌లో వాణిజ్యం చూసే ఆర్కాటు రామస్వామి ముదలియార్ పట్టుబట్టడంతో 1940 ఏప్రిల్‌లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన బోర్డు ఏర్పడింది. ముదలియార్ పుట్టింది మన కర్నూలులో. ఆయన అధ్యక్షుడు, భట్నాగర్ డైరెక్టర్. లాహోర్ వదిలేసి కలకత్తా అలీపూర్‌లో ల్యాబ్ మొదలుపెట్టారు. 1942లో జపాన్ బాంబుల భయంతో అది ఢిల్లీకి వచ్చేసింది. విషవాయువు చొరబడని గుడ్డ, పగలని డబ్బాలు, వంటనూనెలతో ఇంజన్ ఆయిల్, ఇలాంటివి చేశారు.

ఏడాది తిరక్కుండానే ఇద్దరికీ ఒక విషయం అర్థమైంది. ల్యాబ్‌లో చేసింది ఫ్యాక్టరీకి దానంతటదే వెళ్లదు, తీసుకెళ్లే మనిషి కావాలి. 1941 మొదట్లో అందుకోసమే విడిగా ఒక వినియోగ కమిటీ పెట్టించారు. పరిశ్రమలు రాయల్టీ కట్టాలి, ఆ రాయల్టీ మళ్లీ పరిశోధనకే వెళ్లాలి. అదే ఏడాది నవంబర్ 14న కేంద్ర అసెంబ్లీ ఏటా పది లక్షల చొప్పున అయిదేళ్ల నిధికి ఒప్పుకుంది. 1942 సెప్టెంబర్ 26న సీఎస్ఐఆర్ పుట్టింది. మా అన్నయ్య ఫెలోషిప్పు ఇస్తున్నది అదే. 1943లో ఆయన లండన్ రాయల్ సొసైటీ ఫెలో కూడా అయ్యారు.

1946లో భార్య లాజవంతి చనిపోయారు. ఆయన ఉర్దూ కవితలు తర్వాత ఆవిడ పేరుతోనే పుస్తకంగా వచ్చాయి.

స్వాతంత్ర్యం వచ్చాక నెహ్రూ అండతో పనులు పరుగెత్తాయి. 1950 జనవరి 3న పుణెలో జాతీయ రసాయన ప్రయోగశాల, జనవరి 21న ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాల తెరిచారు. రెండోది మనం గణతంత్రం కావడానికి అయిదు రోజుల ముందు. పుణె ల్యాబ్‌కి మొదటి డైరెక్టర్‌గా వచ్చిన మెక్‌బెయిన్ కూడా కొల్లాయిడ్ల మనిషే. భట్నాగర్ పోయేనాటికి మొత్తం పన్నెండు ప్రయోగశాలలు లేచాయి. మన తార్నాక ల్యాబ్ నిజాం కాలంలో 1944లో విడిగా మొదలైంది, అది సీఎస్ఐఆర్‌లో కలిసింది 1956లో. ఆయన చూడలేదు. వైజాగ్ రిఫైనరీ వెనక మాత్రం ఆయన చెయ్యి ఉంది. 1951లో విదేశీ ఆయిల్ కంపెనీలతో రిఫైనరీల గురించి బేరమాడటానికి ప్రభుత్వం ఏకసభ్య కమిషన్‌గా ఆయన్నే పంపింది. మల్కాపురంలో కాల్టెక్స్ రిఫైనరీ 1957లో మొదలైంది.

అందరూ చప్పట్లు కొట్టలేదు. సి.వి. రామన్‌కి ఈ ప్రభుత్వ ల్యాబుల వ్యవహారమే నచ్చలేదు. లాహోర్‌లో డబ్బు వద్దన్నందుకు మెచ్చుకుంటూ ఉత్తరం రాసిన మేఘనాథ్ సాహాయే, తర్వాత ఈ ల్యాబులు యూనివర్సిటీల నుంచి మనుషుల్ని లాక్కుపోతున్నాయని తప్పుపట్టారు. నాకు సాహా మాటలో నిజం కనిపిస్తుంది. లాహోర్‌లో బావి ఇంజనీరు వచ్చి తలుపు తట్టింది స్టూడెంట్లు ఉన్న ల్యాబ్‌ది. ఇప్పుడు పెద్ద ల్యాబులు ఒక గోడ వెనక, మనం ఇంకో గోడ వెనక. భట్నాగర్ అంత తొందరపడకపోతే ఆ పన్నెండు వచ్చేవా అంటే, అదీ అనుమానమే.

1953లో ఆయన యూజీసీకి మొదటి ఛైర్మన్ అయ్యారు. ఆ డిసెంబర్‌లోనే జాతీయ పరిశోధనాభివృద్ధి సంస్థ, ఎన్ఆర్‌డీసీ ఏర్పడింది. ల్యాబుల పేటెంట్లు పరిశ్రమలకి లైసెన్సు ఇవ్వడమే దాని పని. 1955 జనవరి 1న గుండెపోటుతో చనిపోయారు. అరవై ఏళ్లు.

మొన్న మొదటిసారి ఓటేసినప్పుడు నా వేలి మీద పెట్టిన సిరా ఆ దారిలోనే వచ్చింది. ఢిల్లీ భౌతిక ప్రయోగశాలలో తయారై, ఎన్ఆర్‌డీసీ లైసెన్సుతో మైసూర్ పెయింట్స్ కంపెనీకి వెళ్లి, 1962 ఎన్నికల నుంచి వేళ్ల మీదికి వచ్చింది. అందులో ఉండేది సిల్వర్ నైట్రేట్. చర్మం మీది ఉప్పుతో కలిసి, వెలుతురు తగిలి నల్లబడుతుంది.

ఇదంతా అన్నయ్యకి ఫోన్‌లో చెప్పాను. సిరా సంగతి తనకి తెలుసట, బురద సంగతి తెలియదట. జిగుర్లు తమ ల్యాబ్‌లో కూడా వాడారు గానీ డిస్టిల్డ్ వాటర్‌లోనే చూశారట, నిజం బోరు నీళ్లలో ఎవరూ పోసి చూడలేదు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, సంక్రాంతికి మూడు నాలుగు రకాల జిగుర్లు తెస్తాననీ, మా వీధి బోరు నీళ్లు రెండు క్యాన్లు పట్టి ఉంచమనీ చెప్పి పెట్టేశాడు.