అడెలా పాంఖర్స్ట్

అడెలా పాంఖర్స్ట్ (జూన్ 19, 1885 - మే 23, 1961) ఇంగ్లాండులో జన్మించి ఆస్ట్రేలియాలో స్థిరపడిన స్త్రీ హక్కుల ఉద్యమకారిణి, వక్త, రచయిత్రి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1917లో, మెల్‌బోర్న్ నగరంలో ఆహార ధరల పెరుగుదలకు వ్యతిరేకంగా శ్రామిక స్త్రీలు జరిపిన ఆందోళనకు నాయకత్వం వహించి జైలు శిక్ష అనుభవించింది.

బాల్యం, తొలి ఉద్యమాలు

అడెలా మాంచెస్టర్ నగరంలో జన్మించింది. తండ్రి రిచర్డ్ పాంఖర్స్ట్ న్యాయవాది. తల్లి ఎమ్మెలైన్, అక్కలు క్రిస్టాబెల్, సిల్వియా బ్రిటన్‌లో స్త్రీల ఓటు హక్కు ఉద్యమానికి ప్రసిద్ధులు. అడెలా కూడా ఆ ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్ళింది. కాలక్రమేణా తల్లితోను, క్రిస్టాబెల్‌తోను అభిప్రాయ భేదాలు ఏర్పడ్డాయి. 1914లో తల్లి ఆమెను ఆస్ట్రేలియాకు పంపివేసింది.

మెల్‌బోర్న్‌లో ఈమె వీడా గోల్డ్‌స్టీన్ నాయకత్వాన 1915లో ఏర్పడిన మహిళా శాంతి సేనలో చేరింది. నిర్బంధ సైనిక సేవపై 1916లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో వ్యతిరేక ప్రచారం చేసింది. 1917లో విక్టోరియా సోషలిస్టు పార్టీ కార్యకర్తగా పనిచేసింది.

ఆహార ధరల ఆందోళన

యుద్ధం మొదలైన తరువాత ఆస్ట్రేలియాలో నిత్యావసర వస్తువుల ధరలు పెరిగాయి. వేతనాలు ఆ మేరకు పెరగలేదు. మరోవైపు బ్రిటన్‌కు ఎగుమతి చేయవలసిన గోధుమ, మాంసం, వెన్న ఓడల కొరత వలన దేశంలోనే నిలిచిపోయాయి. 1917లో గోధుమ బస్తాల గుట్టలను ఎలుకలు పెద్ద ఎత్తున పాడుచేశాయి. తిండి గింజలు కళ్ళెదుట పాడైపోతుండగా పిల్లలు పస్తులుండటం శ్రామిక కుటుంబాల స్త్రీలకు ఆగ్రహం కలిగించింది. అదే సంవత్సరం ఆగస్టులో సిడ్నీలో మొదలైన సార్వత్రిక సమ్మె మెల్‌బోర్న్ ఓడరేవుకు వ్యాపించడంతో కూలి లేని ఇళ్ళ సంఖ్య మరింత పెరిగింది.

నిల్వలను దేశ ప్రజలకు చౌకగా అందించాలని కోరుతూ అడెలా వేలాది మందిని, ముఖ్యంగా స్త్రీలను, పార్లమెంటు భవనం వైపు నడిపించింది. ఆ కాలంలో ఆస్ట్రేలియా సమాఖ్య పార్లమెంటు మెల్‌బోర్న్‌లోనే ఉండేది. బిల్లీ హ్యూస్ ప్రభుత్వం యుద్ధకాలపు ప్రత్యేక చట్టం క్రింద పార్లమెంటు పరిసరాలలో గుమికూడటాన్ని నిషేధించింది. నిషేధాన్ని ధిక్కరించిన అడెలా పలుమార్లు అరెస్టయింది. ఇంగ్లాండు ఓటు హక్కు ఉద్యమం నుండే వచ్చిన జెన్నీ బెయిన్స్ కూడా ఈ ఆందోళనలో అరెస్టయింది. సెప్టెంబరులో జరిగిన ఒక రాత్రి ఊరేగింపులో నగరంలోని పలు భవనాల కిటికీ అద్దాలు పగిలాయి.

అడెలాకు నాలుగు నెలల జైలు శిక్ష పడింది. కేసులు నడుస్తుండగానే, 1917 సెప్టెంబరు 30న, ఈమె నావికుల సంఘం నాయకుడు టామ్ వాల్ష్‌ను వివాహమాడింది. 1917 డిసెంబరులో జరిగిన రెండవ ప్రజాభిప్రాయ సేకరణలోనూ నిర్బంధ సైనిక సేవ ప్రతిపాదన ఓడిపోయింది.

తరువాతి జీవితం

1920లో ఆస్ట్రేలియా కమ్యూనిస్టు పార్టీ స్థాపకులలో ఒకరైన అడెలా కొద్దికాలానికే దానిని వదలివేసింది. 1920వ దశకం చివర కమ్యూనిజాన్ని, సమ్మెలను వ్యతిరేకించే మహిళా సంఘాన్ని స్థాపించింది. 1941లో తీవ్ర జాతీయవాద సంస్థ అయిన ఆస్ట్రేలియా ఫస్ట్ ఉద్యమంలో చేరింది. జపాన్‌తో స్నేహాన్ని సమర్థించిన ఈమెను 1942లో ప్రభుత్వం కొన్ని నెలలు నిర్బంధించింది. భర్త 1943లో మరణించాడు. అటుపిమ్మట ప్రజా జీవితానికి దూరంగా ఉండి, 1961లో సిడ్నీలో మరణించింది.