సర్దారు వల్లభభాయి పటేలు - అఖిల భారత సర్వీసులు

రాజ్యమునకు స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రుడు అని యేడంగములను మన రాజనీతిజ్ఞులు నిరూపించిరి. అందు రాజునకు తరువాతి స్థానము అమాత్యునిది. ప్రజలే ప్రభువులైన యీ కాలమునను ఆ రెండవ యంగము నీరసించినచో తక్కినవి నిలువజాలవు. ఈ సత్యము నెఱిగి స్వతంత్ర భారతమున నుద్యోగవర్గమునకు గట్టి పునాది వేసిన మహనీయుడు సర్దారు వల్లభభాయి పటేలు.

ఆయన 1875వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన గుజరాతునందలి నడియాదులో జన్మించెను. తండ్రి ఝవేర్‌భాయి కరంసాదు గ్రామపు రైతు, తల్లి లాడ్‌బాయి. పటేలు మొదట గోధ్రా, బోర్సదు పట్టణములలో ప్లీడరుగా నుండి ధనము కూడబెట్టి, 1910లో ఇంగ్లండునకు పోయి, బారిష్టరై 1913లో మరలివచ్చి, అహమ్మదాబాదున వృత్తి నారంభించెను. 1918లో ఖేడా జిల్లాలో పంటలు చెడినను శిస్తు వసూలు ఆగకపోగా, గాంధీమహాత్ముని వెంట రైతుల పక్షమున నిలిచెను.

తరువాత బార్డోలీ తాలూకాలో ప్రభుత్వము శిస్తును నూటికి 22 వంతున హెచ్చించెను. 1928లో రైతులు పటేలు నాయకత్వమున శిస్తు చెల్లించుట మానిరి. జప్తులు జరిగినను వారు చలింపలేదు. ఆయనకు సర్దారను బిరుదు అప్పుడే స్థిరపడెను. తుదకు ప్రభుత్వము విచారణకు సమ్మతించెను. విచారించిన బ్రూంఫీల్డు, మాక్సువెల్లు లిరువురును ఆంగ్ల ప్రభుత్వపు సివిలు సర్వీసువారే. అయినను, హెచ్చింపు నూటికి 6కు కొంచెము మించినంత మాత్రమే యుండవలెనని వారు తేల్చిరి. నిజము వ్రాయు నధికారి యెవరి కొలువున నున్నను రైతునకు మేలే.

పటేలు పలుమారులు కారాగారవాస మనుభవించెను. 1942లో నిర్బంధితుడై 1945 వరకు బంధనముననే యుండెను. 1946లో తాత్కాలిక ప్రభుత్వమున హోము మంత్రియై, ఆ యక్టోబరులో రాష్ట్రముల ప్రధానులను ఢిల్లీకి పిలిపించెను. కొన్ని రాష్ట్రములు తమ యుద్యోగులు తమకే చాలునని తలంచినను, ఇండియన్ అడ్మినిస్ట్రేటివ్ సర్వీసు, పోలీసు సర్వీసు నేర్పడుటకు నిర్ణయము జరిగెను. 1947 ఏప్రిల్ 21న మెట్కాఫు హౌసులో నూతనాధికారుల కాయన హితవు చెప్పెను.

1949 అక్టోబరులో రాజ్యాంగసభయందు కొందఱు సభ్యులు పాత సివిలు సర్వీసువారికి రక్షణ లేల యని ప్రశ్నించిరి. తమ్ము చెఱబెట్టిన ప్రభుత్వపు టుద్యోగులు గదా యని వారి బాధ. ఆ చెఱను తానును అనుభవించిన పటేలే వారి పక్షమున లేచెను. మంత్రికి రుచింపని మాటను సైతము నిర్భయముగా చెప్పగల సర్వీసు లేనిచో దేశైక్యము నిలువదని ఆయన వాదము. ఆ వాదము నెగ్గెను.

రాజ్యాంగపు 312వ యధికరణము ప్రకారము, రాజ్యసభ మూడింట రెండు వంతుల యాధిక్యతతో తీర్మానించినచో పార్లమెంటు క్రొత్త అఖిల భారత సర్వీసును సృజింపవచ్చును. 1951 నాటి చట్టము మేరకు కేంద్రము రాష్ట్రములతో సంప్రదించి నిబంధనలు చేయును. అటవీ సర్వీసు 1966లో చేరెను. ఈ యధికారులను యూనియన్ పబ్లిక్ సర్వీసు కమీషను పరీక్షించి యెన్నుకొనును; నియమించువాడు రాష్ట్రపతి; పనిచేయుట యొక రాష్ట్రపు కేడరునందు. తన క్రింద పనిచేయు నధికారిని రాష్ట్రము సస్పెండు చేయవచ్చును, విచారింపవచ్చును. బర్తరపు చేయుట కేంద్రమునకే చెల్లును. కేంద్రమునకు పంపుటలో ఉభయులకు భేదము వచ్చినచో కేంద్రము మాటయే నెగ్గును. ఇందువలన రాష్ట్రములకు అప్పుడప్పుడు మనస్తాపము కలుగుచునే యున్నది.

ఉద్యోగమునకు రక్షణ యున్నను కుర్చీకి లేదు. బదిలీ యను నాయుధము మిగిలియే యుండెను. 2013 అక్టోబరు 31న, అనగా పటేలు జన్మదినముననే, సుప్రీంకోర్టు అధికారులకు కనీస కాలపరిమితి యుండవలెననియు, నోటిమాటగా వచ్చిన యాజ్ఞలను లిఖితమున నుంచవలెననియు తీర్పు చెప్పెను. మఱుసటి యేట నిబంధనలు సవరింపబడెను.

సర్దారు 1950 డిసెంబరు 15న బొంబాయిలో పరమపదించెను. ఆయన పూనికతో 1948లో భారతమున విలీనమైన హైదరాబాదుననే, ఆయన పేరిటి జాతీయ పోలీసు అకాడమీ 1975 నుండి నెలకొనియున్నది. అచ్చట శిక్షణ పొందు ప్రతి యధికారియు, తన కీయబడిన రక్షణ తన సుఖమునకు గాక, నిజము చెప్పుటకే యని యెఱుగునేని, సర్దారు శ్రమ సఫలమగును.