ముక్క ఎక్కడికీ పోలేదు – డై వెర్నన్ కథ

మన తెలుగువాళ్ళు నలుగురు ఒకచోట చేరితే పేక బయటికి రావాల్సిందే. పిక్నిక్ కానివ్వండి, లాంగ్ వీకెండ్ కానివ్వండి, రమ్మీ మొదలైందంటే టైము తెలియదు. అయితే ఈసారి నేను చెప్పబోయేది పేకాట గురించి కాదు. పేకతో చేసే కనికట్టు గురించి, దాని కోసం తొంభై ఏళ్ళు ధారపోసిన ఒక మనిషి గురించి. ఆయన పేరు డై వెర్నన్. తోటి ఇంద్రజాలికులు ఆయన్ని ప్రొఫెసర్ అని పిలిచేవారు.

ఈ గారడీ మనందరం చూసిందే. ఒక ముక్క తీసుకోమంటారు. చూసి, గుర్తుపెట్టుకుని, మళ్ళీ పేక మధ్యలో పెట్టమంటారు. పేక కలుపుతారు. కాసేపు కబుర్లు చెప్పి సరిగ్గా మన ముక్కనే తీసి చేతిలో పెడతారు. 52 ముక్కల్లో కలిసిపోయిందని మనం అనుకున్న ఆ ముక్క నిజానికి ఎక్కడికీ పోలేదు. మొదటి నుంచీ వాళ్ళ అదుపులోనే ఉంది. ఇంద్రజాలికులు దీన్ని కంట్రోల్ అంటారు. వెర్నన్ జీవితమంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరిగింది.

ఆయన 1894 జూన్ 11న కెనడా రాజధాని ఆటవాలో పుట్టారు. అసలు పేరు డేవిడ్ వెర్నర్. డేవిడ్ కాస్తా డై కావడానికి ఒక పత్రికలో పడిన అచ్చుతప్పు కారణమంటారు. తండ్రి ప్రభుత్వోద్యోగి, సరదాకి గారడీలు చేసేవారు. ఏడేళ్ళ వయసులో తండ్రి దగ్గరే మొదటి గారడీ నేర్చుకున్నారు. జీవితంలో మొదటి ఆరేళ్ళూ దండగయ్యాయని పెద్దయ్యాక నవ్వుతూ చెప్పుకునేవారట!

1902లో అమెరికాలో ది ఎక్స్‌పర్ట్ ఎట్ ది కార్డ్ టేబుల్ అనే పుస్తకం వచ్చింది. రాసినాయన ఎస్. డబ్ల్యు. ఎర్డ్‌నేస్ అనే మారుపేరు పెట్టుకున్నాడు. అసలు మనిషి ఎవరన్నది ఇప్పటికీ వాదోపవాదాల్లోనే ఉంది. జూదగాళ్ళు చేసే మోసాల గుట్టంతా అందులో ఉంది. మన వెర్నన్ టీనేజీలో అడుగుపెట్టేసరికే ఆ పుస్తకాన్ని కంఠతా పట్టేశారు.

ముక్కని అదుపులో పెట్టుకునే పద్ధతులు ఆ పుస్తకంలో చాలా ఉన్నాయి. ఒకటి చిటికెన వేలితో చేసేది. మీ ముక్క మధ్యలోకి వెళ్ళగానే, దాని మీద వెంట్రుకవాసి సందు ఉండేలా వేలి కొసతో పట్టి ఉంచుతారు. తర్వాత పేకలో పై సగాన్నీ కింది సగాన్నీ చేతుల చాటున తారుమారు చేస్తారు. మీ ముక్క పైకి వచ్చేస్తుంది. ఇంకొకటి పేక కలుపుతూ చేసేది. ఒక్క ముక్కని రవ్వంత బయటికి పొడుచుకొచ్చేలా వదిలి, మిగతావి దాని మీద కలుపుతారు. ఆ ముక్కే గుర్తు. అక్కడ ఎత్తి పైన వేస్తే మీ ముక్క మళ్ళీ మీదికొస్తుంది. చూసేవాళ్ళకి మాత్రం పేకంతా శుభ్రంగా కలిసినట్టే ఉంటుంది.

ఇంతేనా అనిపిస్తుంది కదూ! చదవడానికి ఇంతే. నేనూ మా అసోసియేషన్ పిల్లల కోసం ఇలాంటివి రెండు మూడు సాధన చేశాను. వేళ్ళకి పని నేర్పడం ఒక ఎత్తు, ఆ పని చేస్తున్నట్టు ముఖంలో తెలియకుండా ఉండడం ఇంకో ఎత్తు. వెర్నన్ పట్టుకున్నది ఈ రెండో సంగతినే. ఆ రోజుల్లో చాలామంది కీలకమైన క్షణంలో చేతుల్ని గబుక్కున దగ్గరికి తెచ్చేవారు, పేకని కుదిపేవారు. రహస్యం తెలియకపోయినా, అక్కడేదో జరిగిందని చూసేవాళ్ళకి తెలిసిపోయేది. వెర్నన్ దారి వేరు. మోసం లేకుండా పేక కలిపేటప్పుడు చేతులు ఎలా కదులుతాయో ముందు గమనించమనేవారు. దొంగపని కూడా అచ్చంగా అలాగే కనిపించాలి. సహజంగా ఉండడమే ఆయన సిద్ధాంతం.

1922లో షికాగోలోని ఒక హోటల్లో ఈ సిద్ధాంతానికి పెద్ద పరీక్ష ఎదురైంది. ఎదుట ఉన్నది సాక్షాత్తూ హూడినీ. ఏ గారడీనైనా మూడుసార్లు చూస్తే గుట్టు చెప్పేస్తానని ఆయన ప్రకటించుకునేవాడు. వెర్నన్ ఒక ముక్క తీయించి, దాని మీద హూడినీ చేతనే పొడి అక్షరాలు రాయించారు. పై ముక్కకి కిందగా, రెండోదిగా పెట్టారు. తిప్పితే అదే ముక్క మీద ఉంది! మళ్ళీ చేశారు. మళ్ళీ మీదే ఉంది. అలా ఏడుసార్లు చూపించినా హూడినీ గుట్టు చెప్పలేకపోయాడని ప్రతీతి. హూడినీని బోల్తా కొట్టించినవాడన్న పేరు వెర్నన్‌కి జీవితాంతం నిలిచిపోయింది.

అంత పేరొచ్చాక డబ్బూ వచ్చిందనుకుంటాం. రాలేదు. ఆయనకి కూడు పెట్టింది కత్తెర. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖాన్ని నల్ల కాగితంలో నీడబొమ్మగా కత్తిరించి అమ్మేవారు. 1924లో జీన్ హేస్‌ని పెళ్ళి చేసుకున్నారు, ఇద్దరు కొడుకులు పుట్టారు. స్థిరమైన సంపాదన లేని ఆ ఇంటి బరువులో ఎక్కువ భాగం మోసింది ఆవిడే.

1932లో కాన్సాస్ రాష్ట్రం విచిటా జైల్లో ఉన్న ఒక జూదగాడు వెర్నన్‌కి ఒక కబురు చెప్పాడు. పేక మధ్యలోంచి ముక్క పంచగలిగే మనిషిని తాను చూశానన్నాడు. పేకాట తెలిసినవాళ్ళకి దీని విలువ అర్థమవుతుంది. మోసగాడు మంచి ముక్కల్ని పేక పైనో అడుగునో దాచుకుంటాడు. ఎదుటివాడు పేక కోయగానే అవి మధ్యలోకి పోతాయి, ఆట కట్టు. కోత పడ్డాక కూడా మధ్యలోంచి లాగగలిగితే మోసాన్ని ఆపే ఆ ఒక్క అడ్డూ లేనట్టే. అంటే అది అన్నింటినీ మించిన కంట్రోల్. డిప్రెషన్ రోజులు, ఇంట్లో భార్యాబిడ్డలు. అయినా ఊరూరా ఆరా తీస్తూ, మిజోరీలోని ప్లెజంట్ హిల్ అనే చిన్న ఊళ్ళో అలెన్ కెనడీ అనే ఆ మనిషిని పట్టుకున్నారు. కళ్ళారా చూశారు, నేర్చుకున్నారు.

1940ల ఆరంభంలో న్యూయార్క్‌లో ఈస్ట్ రివర్ ఒడ్డున జరుగుతున్న నిర్మాణంలో ఉద్యోగానికి కుదిరి, అక్కడే పైనుంచి పడిపోయారు. రెండు చేతులూ విరిగాయి. చేతులే సర్వస్వమైన మనిషికి ఇంతకన్నా శాపం ఏముంటుంది? ఆయన కోలుకుని మళ్ళీ పేక పట్టారు.

1963లో లాస్ ఏంజెలెస్‌లో మేజిక్ కాజిల్ క్లబ్ మొదలైంది. వెర్నన్ అదే ఏడు అక్కడికి చేరి, దాదాపు ముప్ఫై ఏళ్ళు వచ్చినవాళ్ళందరికీ విద్య పంచిపెట్టారు. 1992 ఆగస్టు 21న 98వ ఏట కన్నుమూశారు.

ఆయన శిష్యుల్లో పెర్సీ డయాకోనిస్ కథ మన టెక్నాలజీ వాళ్ళకి నచ్చుతుంది. పద్నాలుగేళ్ళకే ఇల్లు వదిలి వెర్నన్ వెంట దేశం తిరిగిన ఆ కుర్రాడు తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో గణిత, స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ అయ్యారు. పేకని రెండు భాగాలు చేసి ముక్కల్ని ఒకదానిలోకి ఒకటి దూర్చే పద్ధతిలో 52 ముక్కలు బాగా కలవాలంటే సుమారు ఏడుసార్లు కలపాలని డేవ్ బేయర్‌తో కలిసి లెక్కగట్టారు. ఆ పరిశోధన అచ్చయిందీ 1992లోనే. గురువు ముక్కని కలవనివ్వకుండా కాపాడితే, శిష్యుడు అది నిజంగా ఎప్పుడు కలుస్తుందో తేల్చారు!

వెర్నన్‌ని తలుచుకుంటే నాకు గౌరవమూ కలుగుతుంది, చిన్న బాధా కలుగుతుంది. ఎవరికీ కనబడకూడని పనిని ఇంత అందంగా చేయడానికి ఒక జీవితం పెట్టారాయన. ఆయన ఇంటి కోసం జీన్ చేసిన పనీ ఎవరికీ కనబడలేదు. ఆ పనికి మాత్రం ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఉద్యోగాల్లో తలమునకలై ఉన్న మనం ఈ రెండో సంగతిని కూడా కాస్త గుర్తుపెట్టుకుంటే మంచిదని నాకనిపిస్తుంది. మీరేమంటారు?